ఓడ మోడల్ ముక్కు దగ్గర ప్లాంకులు లేచిపోతున్నాయి, ఇంకా ఏ టూల్ కొనాలి?

కొత్తనావికుడు_హైద్
బ్లూనోజ్ అనే కెనడా చేపల ఓడ మోడల్ కిట్ మొదలుపెట్టా, 1:64 స్కేలు, చెక్క ఓడ కట్టడం ఇదే మొదటిసారి. కీల్ (ఓడ అడుగున వెన్నెముకలాంటి కర్ర) నిలబెట్టా, బల్క్‌హెడ్లు (దాని మీద అడ్డంగా నిలబెట్టే పలకలు) అతికించా, అక్కడిదాకా హాయిగానే సాగింది. వాటి మీద ప్లాంకులు, అంటే సన్నటి చెక్క పట్టీలు, వెయ్యడం మొదలెట్టాక గోల మొదలైంది. ఓడ మధ్యలో బుద్ధిగా కూర్చుంటున్నాయి, ముక్కు దగ్గరకొచ్చేసరికి అంచు లేచిపోయి ఒకదానిమీద ఒకటి ఎక్కి పెంకుటింటి కప్పులా తయారవుతోంది. నీళ్ళలో నానబెట్టా, క్లిప్పులు పెట్టా, రబ్బరు బ్యాండ్లు చుట్టా, పొద్దున్నే క్లిప్పు తీస్తే మళ్ళీ మొదటికే. ఇప్పటికే రోటరీ టూలు, చిన్న వైసు, క్లాంపులు, ఆకురాళ్ళ సెట్టు అన్నీ కొన్నా. ఎలక్ట్రిక్ ప్లాంక్ బెండర్ తెప్పిస్తే పనవుతుందా, లేక మినీ టేబుల్ సా కూడా కావాలా? ఇంటికి ఇంకో పార్సెల్ వచ్చిందంటే మా ఆవిడ నన్నే పార్సెల్ చేసేలా ఉంది.

చిత్రిక
ఏమీ కొనకు.

డల్లాస్_బాబాయ్
కొను. చిత్రికకి ఒళ్ళు మండుతుందని తెలిసే చెప్తున్నా. నా దగ్గర బెండర్ ఉంది, టేబుల్ సా ఉంది, డిస్క్ సాండర్ ఉంది, చిన్న మిల్లింగ్ మెషిన్ కూడా ఉంది, గరాజ్‌లో కారు పెట్టి చాలా కాలమైంది.

వైజాగ్_సరంగు
బాబాయ్, ఓడ ఉందా?

డల్లాస్_బాబాయ్
అది వేరే చర్చ.

చిత్రిక
కొనకు అని ఊరికే అనలేదు. నీ సమస్య వంచడంలో లేదు, వెడల్పులో ఉంది. ఒక సన్నటి కాగితం పట్టీ తీసుకో. ఓడ మధ్యలో ఉన్న బల్క్‌హెడ్ మీద డెక్కు అంచు నుంచి కీల్ దాకా చుట్టి గుర్తు పెట్టు. అది 100 మి.మీ. వచ్చిందనుకో, నీ ప్లాంకు 5 మి.మీ. వెడల్పు, అంటే 20 వరసలు పడతాయి. ఇప్పుడదే పని ముక్కు దగ్గరి మొదటి బల్క్‌హెడ్ మీద చెయ్యి. అక్కడ ఉదాహరణకి 60 వచ్చిందనుకుందాం. 60లో 20 వరసలు పట్టాలంటే ఒక్కోటి 3 మి.మీ. ఉండాలి. నువ్వు 5వి తెచ్చి తోస్తున్నావు, మిగతా 2 ఎక్కడికి పోతుంది మరి, పైకే లేస్తుంది. చెక్కని మందం వైపు ఎంతైనా వంచొచ్చు, వెడల్పు వైపు వంగమంటే అది వినదు, మెలి తిరుగుతుంది. అందుకని ముక్కు వైపు ప్రతి ప్లాంకునీ సన్నం చెయ్యాలి. స్టీలు స్కేలు, పదునైన బ్లేడు, చిన్న చిత్రిక ఉంటే చాలు. కుడివైపుది ఎడమవైపుది రెండూ జతచేసి ఒకేసారి చిత్రిక పట్టు, రెండు పక్కలా ఒకేలా వస్తాయి.

ఇంకో సంగతి, ఎంత సన్నం చేసినా సగం వెడల్పు కంటే తగ్గించకు. 2.5 కంటే తక్కువ కావాల్సి వస్తే అక్కడ రెండు ప్లాంకులు ఒక ప్లాంకులో కలిసిపోయేలా కొయ్యాలి, దాన్ని డ్రాప్ ప్లాంక్ అంటారు. వెనకవైపు కథ తలకిందులు, అక్కడ చోటు ఎక్కువై ఖాళీలు వస్తాయి, వాటిల్లో ముక్కోణపు చెక్కలు దూర్చాలి, అవి స్టీలర్లు. నిజం ఓడల్లోనూ ఇంతే చేసేవాళ్ళు.

మూడోతెరచాప
అన్నా ఇంత లెక్క ఎందుకు, కాస్త ఫెవీక్విక్ వేసి గట్టిగా నొక్కి పట్టుకుంటే చచ్చినట్టు కూర్చుంటుంది.

లంగరు_లలిత
చచ్చినట్టు కూర్చుని రెండు నెలల తర్వాత టప్పుమని లేస్తుంది. ఒత్తిడిలో ఉన్న చెక్కని జిగురు ఎన్నాళ్ళు పట్టుకుంటుంది?

వైజాగ్_సరంగు
మా ఊళ్ళో అయితే రెండు నెలలు కూడా అక్కర్లేదు. వానాకాలం వస్తే సముద్రపు గాలికి చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలం ఏసీ రూములో పెడితే కుంచించుకుపోతుంది. నా మొదటి ఓడ పక్కన చీలికొచ్చింది అలాగే.

కొత్తనావికుడు_హైద్
చిత్రిక గారూ లెక్క అర్థమైంది, చాలా థాంక్స్. అయితే నానబెట్టేటప్పుడు నీళ్ళలో అమ్మోనియా కలపమని ఎవరో వీడియోలో చెప్పారు, అది కూడా చెయ్యాలా?

చిత్రిక
వద్దు. చెక్కని మెత్తబరిచేది వేడి. నీళ్ళ పని ఆ వేడిని లోపలికి తీసుకెళ్ళడం, తక్కువ వేడికే చెక్క మెత్తబడేలా చెయ్యడం, కాలకుండా చూడడం. షాపులో దొరికే ఇంటి అమ్మోనియా ఆ గాఢతలో పెద్దగా చేసేదేం ఉండదు, కొన్ని చెక్కలకి మాత్రం రంగు మారుస్తుంది, ఇల్లంతా కంపు అదనం. కొద్దిసేపు వేడినీళ్ళలో ఉంచి తీసి, సోల్డరింగ్ ఐరన్ గొట్టం మీద మెల్లగా అదుముతూ వంచు. ఎలక్ట్రిక్ బెండర్ అంటే దాదాపు అదే కదా, చివర గుండ్రటి తల ఉంటుంది, ధర మాత్రం గుండ్రంగా ఉండదు.

లంగరు_లలిత
నేను వాడేది హెయిర్ డ్రయ్యరు. తడి ప్లాంకుని కావలసిన వంపులో క్లాంపు పెట్టి వేడిగాలి కొట్టి, పూర్తిగా చల్లారేదాకా కదపను. చాలామంది ఇక్కడే తొందరపడతారు, వేడిగా ఉండగానే క్లాంపు తీసేస్తారు, చల్లారాకే కదా ఆకారం నిలిచేది. కొద్దిపాటి వెడల్పు వంపు కూడా ఇలా తెప్పించొచ్చు, చిత్రిక గారు అస్సలు వంగదు అన్నారు గానీ రెండు మూడు మిల్లీమీటర్లు వస్తుంది, బాస్‌వుడ్ లాంటి మెత్తటి చెక్క అయితే మరీ సులువు.

చిత్రిక
రెండు మూడు మి.మీ. ఒప్పుకుంటా. కొత్తవాళ్ళకి చెప్పేటప్పుడు అస్సలు వంగదనే చెప్పాలి, లేకపోతే సన్నం చెయ్యడం మానేసి డ్రయ్యరు పట్టుకు కూర్చుంటారు.

మూడోతెరచాప
హెయిర్ డ్రయ్యరు ఎవరిది వాడాలి అనేది అసలు ప్రశ్న. నేను మా అక్కది వాడా. ఇప్పుడు మా అక్క ఆ గదిలోకి నన్ను రానివ్వదు.

లంగరు_లలిత
నాది నాదే. అందుకే నా ఓడలు పూర్తవుతున్నాయి 😀

కొత్తనావికుడూ, ముక్కు దగ్గర రెండు ఫోటోలు పెట్టండి. నాకేదో వేరే అనుమానంగా ఉంది.

కొత్తనావికుడు_హైద్
పెట్టా. ఒకటి పక్కనుంచి, ఒకటి కిందనుంచి.

లంగరు_లలిత
అనుకున్నదే. రెండో ఫోటో జూమ్ చేసి చూశా, ముందున్న రెండు బల్క్‌హెడ్ల అంచుల మీద లేజర్ కాల్చిన నలుపు అలాగే ఉంది, చివరి నుంచి చివరి దాకా చెక్కుచెదరకుండా. అంటే అక్కడ ఆకురాయి గానీ సాండ్‌పేపరు గానీ తగల్లేదు. ఓడ మధ్యలో బల్క్‌హెడ్ అంచు ప్లాంకుకి సమంగా ఉంటుంది, ముక్కు వైపు వెళ్ళేకొద్దీ ప్లాంకు లోపలికి తిరుగుతుంది కాబట్టి ఆ అంచుని ముందు వైపుకి ఏటవాలుగా అరగదీయాలి. లేకపోతే ప్లాంకు బల్క్‌హెడ్ మందం మొత్తానికీ ఆనదు, ఒక్క మూల గీత మీదే ఆనుతుంది. మీరు జిగురు పూసింది ఆ గీతకి. పైగా ఆ కాలిన నలుపు మీద జిగురు సరిగ్గా పట్టదు.

చూసుకోవడం ఇలా. పొడుగ్గా సన్నగా ఉండే చెక్క పట్టీ తీసుకుని నాలుగైదు బల్క్‌హెడ్ల మీదుగా వేళ్ళతో ఆనించి పట్టుకోండి. ఎక్కడైనా పట్టీ కింద వెలుతురు కనిపిస్తే పక్కది ఎత్తుగా ఉందని అర్థం. ఎత్తుగా ఉన్నదాన్ని కొంచెం అరగదీసి మళ్ళీ పట్టీ పెట్టి చూడండి. డెక్కు దగ్గర, నడుము దగ్గర, కింద కీల్ దగ్గర, అన్ని ఎత్తుల్లోనూ చూడాలి. విసుగు పని, ఒప్పుకుంటా, కానీ ఇది అయితే ప్లాంకులు వాటంతటవే దారి చూసుకుంటాయి.

చిత్రిక
లలిత గారి కళ్ళకి దండం. నేను లెక్కలు చెప్తూ పోయా, ఫోటో అడగాలని తోచలేదు.

డల్లాస్_బాబాయ్
అరగదీయడానికి నా దగ్గర డిటైల్ సాండర్ ఉంది, లింక్ ఇవ్వనా?

లంగరు_లలిత
బాబాయ్ గారూ, వద్దు. మెషిన్ పెడితే ఒక్క సెకనులో మిల్లీమీటరు ఎగిరిపోతుంది. 120 నంబరు సాండ్‌పేపరుని వంగే ప్లాస్టిక్ స్కేలుకి అతికించి, ఒకేసారి మూడు బల్క్‌హెడ్ల మీద ఆనేలా రుద్దండి. వంపు దానంతటదే కుదురుతుంది.

కొత్తనావికుడు_హైద్
ఓరి దేవుడా. బుక్కులో ఒక్క లైనులో బల్క్‌హెడ్లు బెవెల్ చెయ్యండి అని రాసి వదిలేశారు. వేసిన మూడు వరసలూ పీకాలా ఇప్పుడు?

వైజాగ్_సరంగు
పీకు. ఫెవికాలే కదా వాడింది? తడిగుడ్డ కప్పి కాసేపు ఉంచి ఇస్త్రీపెట్టె మొనతో వేడి చెయ్యి, మెత్తబడి వచ్చేస్తుంది. మామూలు తెల్ల ఫెవికాల్ అయితేనే సుమా, నీళ్ళకి తట్టుకునే మెరైన్ రకం అయితే ఇంత మర్యాదగా రాదు.

మూడోతెరచాప
ఫెవీక్విక్ వాడి ఉంటే?

వైజాగ్_సరంగు
అసిటోన్. నెయిల్ పాలిష్ రిమూవర్ సీసా మీద అసిటోన్ ఉందో లేదో చూసి కొను, కొన్నింట్లో ఉండదు. మళ్ళీ అక్క గదిలోకి వెళ్ళకు.

అంకుడుకర్ర
ముక్కు దగ్గర మొదటి రెండు బల్క్‌హెడ్ల మధ్య ఖాళీలో మెత్తటి చెక్క దిమ్మలు నింపి వాటినే ఓడ ఆకారానికి అరగదీస్తే ప్లాంకుకి ఆనడానికి బోలెడు చోటు దొరుకుతుంది. అందరూ బాల్సా వాడతారు, నేను తెల్లపొణికి వాడతా. కొండపల్లి బొమ్మలు చేసే చెక్క అదే కదా, తేలిగ్గా ఉంటుంది, బ్లేడుకి వెన్నలా తెగుతుంది. ఒకసారి అటు వెళ్ళినప్పుడు బొమ్మలు చేసేవాళ్ళని అడిగితే పనికిరాని ముక్కలు సంచెడు ఇచ్చారు. బాగా ఎండిందే వాడాలి, పచ్చిది లోపల పెడితే తర్వాత కుంచించుకుపోతుంది. ఇంకోటి, అక్కడ వాళ్ళు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మక్కు చేసి అతుకులు పూడుస్తారు. నేను చింతగింజల బదులు ఫెవికాల్ కలిపి అదే పని ఓడ సందుల్లో చేస్తా.

కొత్తనావికుడు_హైద్
అంకుడుకర్ర గారూ మీ పేరు చూసి అడుగుతున్నా, ఏటికొప్పాక వైపా? అంకుడు ఓడకి పనికొస్తుందా?

అంకుడుకర్ర
అమ్మమ్మ వాళ్ళది ఆ పక్కనే. అంకుడు బ్రహ్మాండంగా పనికొస్తుంది, కానీ ప్లాంకులకి కాదు, లేతు మీద తిప్పే వాటికి. తెరచాప కొయ్యలు, ఫిరంగులు, తాళ్ళు బిగించే గుండ్రటి డెడ్‌ఐలు. తెల్లగా ఉంటుంది, పొర సన్నంగా ఉంటుంది, మూడు మిల్లీమీటర్ల డెడ్‌ఐకి మూడు రంధ్రాలు వేసినా చీలదు. బ్లూనోజ్‌కి ఫిరంగులు లేవులెండి, చేపలు పట్టే ఓడ.

రాజమండ్రి_రేవు
మన దగ్గర ఇంత టేకు పెట్టుకుని బాస్‌వుడ్డూ బాల్సా ఏంటండీ? అసలు ఓడలే టేకుతో కట్టారు. హెచ్‌ఎంఎస్ ట్రింకోమలీ అనే బ్రిటిష్ యుద్ధనౌక 1817లో బొంబాయిలో ఓడలు కట్టే వాడియా కుటుంబం టేకుతో కట్టింది, ఇప్పటికీ ఇంగ్లండులో హార్టిల్‌పూల్ రేవులో నీళ్ళ మీద తేలుతూ ఉంది. మోడల్‌కి మాత్రం టేకు పనికిరాదా?

చిత్రిక
నిజం ఓడకి టేకుని మించింది లేదు. మోడల్ దగ్గరే గొడవ. టేకు ముక్క అడ్డంగా కోసి భూతద్దంలో చూడు, కంటికి కనిపించే రంధ్రాలుంటాయి. ఒక్కో రంధ్రం పావు మిల్లీమీటరు అనుకో, 64తో గుణిస్తే 16 మి.మీ. అంటే నీ ఓడ కెప్టెన్ గోడలోకి వేలు దూర్చొచ్చు. స్కేలు తగ్గే కొద్దీ పొర సన్నంగా ఉన్న చెక్క కావాలి, అందుకే పాశ్చాత్యులు బాక్స్‌వుడ్, పేర్ చెక్కల వెంట పడతారు. దానికి తోడు టేకులో నూనె ఉంటుంది, అతికించే ముందు అసిటోన్‌తో తుడవకపోతే జిగురు పట్టదు.

రాజమండ్రి_రేవు
కెప్టెన్ వేలు 😂 సరే ఒప్పుకున్నా. గుమ్మడి టేకు?

చిత్రిక
అది కాస్త మేలు. రంగు లేతగా ఉంటుంది, పని సులువు. కీల్‌కీ, బల్క్‌హెడ్లకీ వాడా. పైకి కనిపించే చోట వాడలేదు.

టొరంటో_టోపీ
చెక్క అందం గురించి ఇంత కొట్టుకుంటున్నారు గానీ, బ్లూనోజ్‌కి పైన నలుపు, కింద ఎరుపు రంగు వేస్తారని ఎవరికైనా గుర్తుందా? 1921 మార్చి 26న కెనడాలోని లూనెన్‌బర్గ్‌లో నీళ్ళలోకి దింపారు దాన్ని, కాడ్ చేపలు పట్టే ఓడే అయినా పందేల్లో దాన్ని కొట్టినవాడు అరుదు. ఇక్కడ 10 సెంట్ల నాణెం మీద 1937 నుంచీ ఉండే ఓడ బొమ్మ అదే. అసలుది 1946లో హైతీ దగ్గర రాళ్ళకి కొట్టుకుని పోయింది, 1963లో అదే ఊళ్ళో రెండోది కట్టారు. నేను వెళ్ళి చూశా, దగ్గర్నుంచి చూస్తే ప్లాంకుల అతుకులు లీలగా మాత్రమే తెలుస్తాయి. కాబట్టి తమ్ముడూ, చిన్న చిన్న సందులుంటే మక్కు పెట్టి నున్నగా రుద్ది రంగు వేసెయ్. మొదటి ఓడకి ఇది మంచి ఎంపిక, తప్పులన్నీ నలుపు కింద దాక్కుంటాయి.

లంగరు_లలిత
రంగు వేస్తే సందులు దాక్కుంటాయి, గుంటలూ మిట్టలూ దాక్కోవు. మెరిసే నలుపు అయితే ఇంకా ఎత్తి చూపిస్తుంది. లైటు పక్కనుంచి పడితే అంతే సంగతులు. ముందు బూడిద రంగు ప్రైమరు ఒక పూత వేసి పక్క వెలుతుర్లో చూడండి.

టొరంటో_టోపీ
అది నిజమే.

మూడోతెరచాప
నాకైతే చెక్క ఓడకి రంగు వెయ్యడమే పాపం అనిపిస్తుంది. అంత కష్టపడి ప్లాంకు ప్లాంకు పేర్చి నల్లరంగు పులుముతారా?

టొరంటో_టోపీ
నీకు నచ్చని రంగుతోనే అది ఇరవై ఏళ్ళకి పైగా సముద్రం మీద తిరిగింది తమ్ముడూ.

డల్లాస్_బాబాయ్
ఒక ఎయిర్‌బ్రష్ కంప్రెసర్...

వైజాగ్_సరంగు
బాబాయ్!!

కొత్తనావికుడు_హైద్
అసలు ఓడ 143 అడుగులట, 64తో భాగిస్తే ఒళ్ళే 68 సెంటీమీటర్లు వస్తోంది, ముందు పొడుచుకొచ్చే కొయ్య కలిపితే ఇంకా ఎక్కువ. టీవీ యూనిట్ మీద పట్టదు. ఈ విషయం ఇంట్లో ఇంకా చెప్పలేదు.

సరే, మినీ టేబుల్ సా వద్దనుకున్నా. మరి తప్పకుండా ఉండాల్సినవి ఏంటి?

చిత్రిక
మెడికల్ షాపులకి సర్జికల్ సామాన్లు వేసే దుకాణాలుంటాయి, మీ ఊళ్ళో కోఠిలో బోలెడు. 3వ నంబరు స్కాల్పెల్ హ్యాండిల్, 11వ నంబరు బ్లేడ్ల పెట్టె తీసుకో. హాబీ కత్తి కంటే పదును ఎక్కువ, ధర తక్కువ. బ్లేడు మార్చేటప్పుడు పట్టకారుతో పట్టుకుని తియ్యి, వేళ్ళతో కాదు. మొండిపడితే వెంటనే పారెయ్, పదును పోయిన బ్లేడుకి బలం పెట్టినప్పుడే చెయ్యి తెగుతుంది.

లంగరు_లలిత
కంసాలి పనిముట్లు అమ్మే షాపుకి కూడా వెళ్ళండి. చేత్తో తిప్పే పిన్ వైసు, అర మిల్లీమీటరు డ్రిల్లు బిట్లు, వెంట్రుకంత సన్నటి రంపం బ్లేడ్లు, నీడిల్ ఫైళ్ళు, అన్నీ అక్కడే. సన్న బిట్లని రోటరీ టూలుకి పెట్టకండి, స్పీడుకి విరిగి ఎగురుతాయి. కళ్ళద్దాలు పెట్టుకునే పని చెయ్యండి.

అంకుడుకర్ర
అక్కడే కమ్మచ్చు కూడా చూడండి. బంగారం తీగ లాగే ఇనప పలక. డెక్కు మీద చెక్క మేకులు వెయ్యాలనుంటే అది కావాలి. ఎదురు కర్ర, అంటే వెదురు, నిలువుగా సన్నగా చీల్చి పెద్ద రంధ్రం నుంచి చిన్న రంధ్రానికి ఒక్కోటీ దాటిస్తూ లాగితే అర మిల్లీమీటరు మేకు వస్తుంది. పళ్ళు కుట్టుకునే పుల్లలతో చెయ్యకండి, కొన్నింట్లో పొర ఏటవాలుగా పోతుంది, మధ్యలో తెగుతాయి.

చిత్రిక
కమ్మచ్చుకి ఒక కిటుకు ఉంది. తీగని వెడల్పు వైపు నుంచి దూర్చి నొక్కుతూ లాగుతారు. కర్రకి నొక్కుడు పనికిరాదు, చెక్కాలి. అందుకని తిరగేసి, రంధ్రం చిన్నగా ఉన్న వైపు నుంచి దూర్చు, ఆ పదునంచు కర్రని గీకుతుంది.

అంకుడుకర్ర
ఇన్నాళ్ళూ సరైన వైపు నుంచే లాగుతున్నా, మేకులు పీచు పీచుగా వస్తున్నాయేంటా అని కమ్మచ్చుని తిట్టుకున్నా. రేపే తిరగేస్తా.

కోరంగి_మనవడు
ఆలస్యంగా చూశా. ఎవరూ మన ఓడలు ఎందుకు కట్టట్లేదు? కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు, 1839 తుపాను ఊడ్చేసింది గానీ ఆ విద్య తాళ్ళరేవు వైపు చాలాకాలం బతికింది. నాకు ఈ తీరంలో అలల్లో నడిపే మసూలా పడవ కట్టాలని ఉంది. 1840ల్లో ఫ్రెంచి నావికాధికారి పారి ఆసియా పడవలెన్నో గీసి పుస్తకం వేశాడు, అందులో ఈ తీరం పడవలూ ఉన్నాయి. చిక్కేంటంటే మసూలాకి లోపల పక్కటెముకలే ఉండవు. పలకలకి రంధ్రాలు చేసి కొబ్బరి తాడుతో కుట్టేస్తారు, అతుకు మీద గడ్డి పెట్టి. అలలకి పడవ ఒళ్ళంతా మెత్తగా ఊగాలని అలా కట్టారు. మరి బల్క్‌హెడ్ పద్ధతి దీనికెలా కుదురుతుంది?

లంగరు_లలిత
కుదరదు. పొణికితో లోపలి ఆకారం అచ్చు చెక్కి, దాని మీద ప్లాస్టిక్ కవరు చుట్టి, పైన ప్లాంకులు వంచి పేర్చండి. జిగురు అచ్చుకి అంటదు. ప్లాంకులు ఆకారం పట్టాక కుట్టుకుంటూ రావాలి, చివర్లో అచ్చు తీసెయ్యాలి. పడవ నోరు లోపలికి ముడుచుకుని ఉంటే అచ్చు ఒక్క ముక్కలో బయటికి రాదు, మూడు ముక్కలుగా చెయ్యండి, మధ్య ముక్క ముందు లాగాలి.

కోరంగి_మనవడు
మూడు ముక్కల సంగతి తట్టలేదు. తాడు ఏది వాడను? 1:24 అనుకుంటున్నా.

వైజాగ్_సరంగు
నూలు దారం, లేత గోధుమ రంగుది. మైనం ముద్ద మీద ఒకసారి లాగు, నూగు అణిగిపోతుంది. నైలాన్ వద్దు, ముడి జారుతుంది, మెరుస్తుంది కూడా. కొత్త చర్చ మొదలుపెట్టు గురూ, ఇక్కడ బ్లూనోజ్ మునిగిపోతోంది.

కొత్తనావికుడు_హైద్
మునగలేదండీ. మూడు వరసలూ పీకేశా, ఇస్త్రీపెట్టె ఐడియా పనిచేసింది. ముందు రెండు బల్క్‌హెడ్లూ నలుపు పోయేదాకా ఏటవాలుగా రుద్దా, పట్టీ పెట్టి చూస్తే ఇప్పుడు నాలుగింటికీ ఆనుతోంది. కొలిచి చూస్తే నా ఓడకి ముక్కు దగ్గర ఒక్కోటి 3.2 మి.మీ. వచ్చింది. మొదటి జత చిత్రిక పట్టి వేశా, చేత్తో ఆనిస్తేనే కూర్చుంది, రెండు బట్టల క్లిప్పులు చాలాయి. ఫోటో పెట్టా చూడండి.

లంగరు_లలిత
బాగుంది. ఎడమ వైపుది ముక్కు దగ్గర ఒక వెంట్రుకవాసి పైకుంది, రెండో జత వేసేముందు సరిచెయ్యండి, లేకపోతే పదో వరసకి అది రెండు మిల్లీమీటర్లవుతుంది.

డల్లాస్_బాబాయ్
ఆ చిన్న చిత్రిక ఏ కంపెనీది? నా దగ్గర అదొక్కటే లేదు.